సభాప్రవేశము – చీటీ న్యాయము

స్థానములు పరిమితములై, కోరువారు అనేకులైనచోట పంపకము ధర్మవిచారమునకు విషయమగును. తండ్రి సొత్తు పంచుకొను అన్నదమ్ముల విషయమునను, భోజనమునకు పిలుపు వచ్చిన భిక్షుసంఘము విషయమునను, గ్రామకార్యములకు మనుష్యులను ఏర్పరచు మహాసభ విషయమునను పూర్వులు ఈ విచారమును శ్రద్ధతో చేసిరి. నేటి విద్వత్సభల నిర్వాహకులు మాత్రము ప్రవేశపు టిక్కెట్ల పంపకమును కార్యాలయ గుమాస్తా తీర్చదగిన చిన్న పనిగా తలచుచున్నారు. ముందు అందిన దరఖాస్తునకు ముందు స్థానము, సొమ్ము కట్టగలిగినవానికి తప్పక స్థానము, తెలిసినవారు చెప్పినచో మరియొక కుర్చీ – ఇట్లు పని గడచిపోవుచున్నది. ఇది చిన్న పని కాదనియు, దీనికి శాస్త్రసమ్మతమైన మార్గము కలదనియు నిరూపించుట ఇచట ఉద్దేశము.

1919వ సంవత్సరమున పుణెలో అఖిల భారత ప్రాచ్యవిద్యా పరిషత్తు తొలిసారి సమావేశమైన నాళ్లలో సభకు పోవుటకు ప్రయోజనము శాస్త్రగోష్ఠి, పండితపరిచయము. ఆ ప్రయోజనము నేటికిని పోలేదు గాని, దానికి జీవనోపాధి తోడయినది. యు.జి.సి. వారు 2010లో ప్రకటించిన నిబంధనలతో అధ్యాపకుని కృషిని అంకెలలో కొలుచు పద్ధతి వచ్చెను. సదస్సులలో పత్రసమర్పణకు ఆ అంకెలలో చోటు దొరకెను. 2018లో నిబంధనలు మారినను సదస్సులకు విలువ తొలగిపోలేదు. కావున సభలో స్థానము దొరకనివానికి కలుగు నష్టము వినదగిన నాలుగు మాటలు వినలేకపోవుట మాత్రమే కాదు. అతని పదోన్నతియు కొంత దానిపై ఆధారపడియున్నది. పల్లెలోని ప్రాచ్యకళాశాలలో ఒంటరిగా వ్యాకరణమును బోధించు అధ్యాపకునికి నిర్వాహకులలో మిత్రులుండరు. పంపకమున పక్షపాతము చేరినచో మొదట నష్టపోవువాడు అతడే.

ఈ చిక్కు సంస్కృతాంధ్ర పండితులకు మాత్రమే వచ్చినది కాదు. అమెరికా దేశమున కాలిఫోర్నియా రాష్ట్రములో ఆపిల్ అను కంప్యూటరు సంస్థ తన యంత్రములకు ప్రోగ్రాములు వ్రాయువారి కొరకు ఏటేట ఒక మహాసభ జరుపుచున్నది. శాన్‌ఫ్రాన్సిస్కో నగరములో అది జరిగిన రోజులలో సుమారు 5,000 మందికి చోటుండెడిది. ప్రవేశ రుసుము 1,599 డాలర్లు. 2012లో టిక్కెట్లు సుమారు రెండు గంటలలో అయిపోయెను. అమ్మకము ఆ దేశపు పశ్చిమతీరమున తెల్లవారకముందే మొదలగుటచే, సభ జరుగు ప్రాంతమున నివసించువారే అనేకులు నిద్ర లేచునప్పటికి టిక్కెట్లు లేవు. 2013లో అమ్మకపు సమయమును ముందురోజు ప్రకటించిరి. అందరును ఒకే క్షణమున కంప్యూటర్ల ముందు కూర్చుండిరి. సుమారు రెండు నిమిషములలో అన్నియు అయిపోయెను. 2014లో ఆ సంస్థ పద్ధతి మార్చి, కొన్ని రోజుల గడువులో దరఖాస్తులు స్వీకరించి, వానినుండి చీటీ తీసినట్లు యాదృచ్ఛికముగా ఎన్నిక చేసెను. 2020 నుండి ఉపన్యాసములను ఇంటర్నెట్టు ద్వారా అందరికిని ఉచితముగా అందించుచున్నను, ప్రత్యక్షముగా వచ్చువారికి స్థానములు కొన్నియే కనుక 2022లోను చీటీ పద్ధతినే అనుసరించెను. అనగా ధనమునకు గాని యంత్రమునకు గాని కొరత లేని సంస్థ సహితము వరుస పద్ధతిని పరీక్షించి విడిచినది.

వరుస పద్ధతిని సమర్థించువారి మాట ఇట్టిది: ముందు వచ్చినవానికి ఆసక్తి ఎక్కువ, ఆసక్తి ఎక్కువయైనవానికి స్థానము నిచ్చుట న్యాయము. ఇది పైకి యుక్తముగ తోచును. కాని ముందు వచ్చుటకు ఆసక్తియే హేతువని నియమము లేదు. తీరిక, మంచి ఫోను, ప్రకటన ముందుగా తెలిసిన చుట్టము, వీనిలో ఏదియైనను హేతువు కావచ్చును. తర్కభాషలో చెప్పినచో ఈ హేతువు సవ్యభిచారము. ఉదయము పది గంటలకు దరఖాస్తు తెరచినపుడు తరగతిలో పాఠము చెప్పుచున్న అధ్యాపకుడు వెనుకబడును. పాఠము ఎగగొట్టినవాడు ముందుండును. పైగా వరుస అనునది పరుగునకు దారితీయును. 2025 జనవరి 8వ తేదీన తిరుపతిలో వైకుంఠద్వార దర్శనపు టోకెన్ల కొరకు గుమిగూడిన జనములో తొక్కిసలాట జరిగి ఆరుగురు మరణించిరి. భక్తులలో ఎవరికిని ఆసక్తి కొరవడలేదు. ముందు చేరినవానికే దొరకునను భయమే జనమును ముందుకు నెట్టును. విద్వత్సభకు ప్రాణాపాయము లేకపోవచ్చును. అయినను పరుగులో గెలిచినవాడు అధికారి యనుట రెండుచోట్లను సమానమైన దోషమే.

రుసుము పెంచి కోరువారిని తగ్గించు పద్ధతి ఇంకను సులభము. సొమ్ము చేరును, వరుస తగ్గును. కాని ధనము ఎన్నిక చేసిన సభలో ధనికులు కూర్చుందురు; శాస్త్రజ్ఞులు కూర్చుందురని చెప్పలేము. మూడవది సిఫారసు. నిర్వాహకుడు ధర్మపరుడే యనుకొన్నను, అతనికి తెలిసినవారినే అతడు ఎన్నుకొనగలడు. తెలియనివారిలో యోగ్యులుండుట అతని దోషము కాదు గాని, వారు బయట నిలిచిపోవుట మాత్రము నిశ్చయము. నాలుగవది పత్రములకు మార్కులు వేసి వరుస కట్టుట. నిజముగా అధికుడైన పండితునికిని, విషయము తెలియనివానికిని భేదము తేల్చుటకు మార్కులు చాలును. అయితే స్థానములు నూరు ఉండి నూరవవానికి 61 మార్కులు, నూటొకటవవానికి 60 మార్కులు వచ్చినపుడు ఆ ఒక మార్కు పండితుల భేదమును గాక, మార్కులు వేసినవాని ఆ పూట మనఃస్థితిని తెలుపును. లేని భేదమును ఉన్నదని చూపుట ప్రమాణము కాదు, ప్రమాణాభాసము.

మరి శాస్త్రమార్గము ఏది? మొదటి మెట్టు అధికారనిర్ణయము. కర్మాధికారికి మీమాంసకులు చెప్పిన లక్షణములలో అర్థిత్వము, సామర్థ్యము, అపర్యుదస్తత్వము ముఖ్యములు. కోరిక ఉండవలెను, నెరవేర్చు శక్తి ఉండవలెను, నిషేధము ఉండరాదు. సభాప్రవేశమునకు ఈ మూడును చక్కగా అన్వయించును. సభ జరుగు అన్ని రోజులును ఉందునని చెప్పినవాడు అర్థి. ఆ శాస్త్రమున చదువో బోధనయో పరిశోధనయో కలవాడు సమర్థుడు. గతసభలో స్థానము తీసికొని కారణము చెప్పక ఎగగొట్టినవాడు పర్యుదస్తుడు. సంఖ్యకు హద్దు పెట్టుట కూడ దోషము కాదు. సత్రయాగమున 17 మందికి తక్కువ కాకుండ, 24 మందికి మించకుండ కూర్చుండవలెనని శాస్త్రమే హద్దు పెట్టినది. హద్దు లోపల ఎవరు అనునదే ప్రశ్న.

రెండవ మెట్టు వినిగమనావిచారము. ఇద్దరిలో ఒకరి పక్షమున నిర్ణయము చేయుటకు తగిన యుక్తి వినిగమన. అది ఉన్నచోట దానిని అనుసరించుటయే న్యాయము. అది లేనిచోట, అనగా వినిగమనావిరహమున్నచోట, ఏదో ఒక పేరు పెట్టి ఒకరిని పైకెత్తుట అన్యాయము. వంగదేశీయుడైన జీమూతవాహనుడు దాయభాగమున విభాగలక్షణము చెప్పుచు ఈ విషయమునే ఆధారము చేసికొనెను. సొత్తులో ఏ భాగము ఏ సోదరునిదో తేల్చు వినిగమకప్రమాణము లేకపోవుటచే అవ్యవస్థితముగా నున్న స్వత్వమును గుటికాపాతము మొదలగు ఉపాయములచే వ్యక్తము చేయుటయే విభాగమని అతని ఆశయము. గుటికాపాతమనగా తెలుగున చీట్లు వేయుట. ఆంధ్రదేశమున వ్యవహారమునకు మితాక్షరయే ప్రమాణమైనను, పెద్దమనుషులు వాటాలు సమముగా వేసి, ఏ వాటా ఎవరికన్నది చీటీతో తేల్చుట తెలుగు పల్లెలలో అందరెరిగిన ఆచారమే. అక్కడ పెద్దల తెలివి వాటాలు సమము చేయుటలో ఉపయోగపడును. సమమైన తరువాత వారి తెలివికి పని లేదు, చీటీకే పని.

దీనిపై స్మార్త రఘునందనుడు దాయతత్త్వమున ఒక ఆక్షేపము చేసెను. ఎవని స్వత్వము ఏ వస్తువునందు ముందే పుట్టినదో, చీటీ సరిగా ఆ వస్తువు మీదనే పడునని నమ్ముటకు ప్రమాణమేమి అని అతని ప్రశ్న. ఆక్షేపము బలమైనది, సభావిషయమున మిక్కిలి ఉపకరించునది. చీటీ దాగియున్న సత్యమును బయటపెట్టునది కాదు. ఎవడు గొప్ప పండితుడో అది చెప్పదు. సమానుల నడుమ వివాదమును పక్షపాతము లేకుండ ముగించుట మాత్రమే దాని శక్తి. చీటీ వచ్చినవాడు దానిని బిరుదుగా తలపరాదు. రానివాడు అవమానముగా తలపనక్కర లేదు. సిఫారసు జాబితాలో పేరు లేనివానికి తాను తక్కువవాడనని సభ తేల్చినట్లు బాధ కలుగును. చీటీలో పేరు రానివానికి ఆ బాధ లేదు. ఈ గౌరవరక్షణ చీటీకి గల గొప్ప గుణము.

చీటీని ఎంతవరకు వాడవలెనో తెలుపుటకు మీమాంసలోని వికల్పవిచారము దారి చూపును. వ్రీహులతో గాని యవలతో గాని యాగము చేయవచ్చునన్నచోట రెండును తుల్యబలములగుటచే వికల్పము అంగీకరింపబడినది. అయినను వికల్పమునకు ఎనిమిది దోషములు చెప్పి, గత్యంతరము లేనిచోటనే దానిని మీమాంసకులు ఒప్పుకొనిరి. చీటీయు అట్టిదే. మొదటి నుండి చివర వరకు చీటీయే అన్నచో శాస్త్రము తెలిసినవానిని, తెలియనివానిని ఒకే కుండలో వేసినట్లగును. అసలు చీటీయే వద్దన్నచో లేని వినిగమనను కల్పించినట్లగును. అధికారనిర్ణయము ముందు, చీటీ తరువాత – ఈ క్రమము తప్పరాదు.

ఈ క్రమము ఊహామాత్రము కాదు, ఆచరణలో ఉండినది. బౌద్ధుల వినయపిటకమున చుల్లవగ్గములో ఒక విధి కలదు. దాతలు పరిమితసంఖ్యలో భిక్షువులకు భోజనము పెట్టదలచినపుడు, శలాకలకో పట్టీలకో గుర్తులు కట్టి, కలిపి, వాని ప్రకారము భోజనము కేటాయింపవచ్చునని అనుమతి. కేటాయించు అధికారికి భత్తుద్దేసకుడని పాళీలో పేరు. రాగము, ద్వేషము, మోహము, భయము అను నాలుగింటికిని లొంగనివాడై, ఎవరికి ఇచ్చినది ఎవరికి ఇవ్వనిది ఎరిగినవాడే ఆ పనికి తగును. ఐదవ గుణమును నేటి నిర్వాహకులు ప్రత్యేకముగా గమనింపవలెను. నిష్పక్షపాతబుద్ధి ఒక్కటి చాలదు, లెక్క కూడ ఉండవలెను. మల్లపుత్రుడైన దబ్బుడు ఈ పనిని నిర్దోషముగా చేసినను, ఒకనాడు తమకు నూకల అన్నము దొరకినదని అలిగిన ఇద్దరు భిక్షువులు అతనిపై అపనింద వేయించిన కథ ఆ గ్రంథముననే కలదు. ధర్మము చేసిన మాత్రమున చాలదు. చేసినట్లు పదిమందికి కనబడవలెనని ఆ కథ తెలుపును.

కనబడునట్లు చేయుట ఎట్లో ఉత్తరమేరూరు శాసనములు చెప్పుచున్నవి. కాంచీపురము జిల్లాలోని ఉత్తరమేరూరున వైకుంఠపెరుమాళ్ ఆలయపు గోడలపై మొదటి పరాంతక చోళుని కాలపు శాసనములు, 919, 921 సంవత్సరములకు చెందినవి కలవు. గ్రామమును 30 భాగములు చేసి, భాగమునకు ఒకరి చొప్పున ఎన్నుకొని, సంవత్సరవారియమునకు 12 మందిని, తోటవారియమునకు 12 మందిని, చెరువువారియమునకు 6 మందిని నియమించు పద్ధతి అందు వివరింపబడినది. 921 నాటి శాసనము ప్రకారము అభ్యర్థికి 35 మొదలు 70 ఏండ్ల నడుమ వయస్సు, పన్ను కట్టు భూమి, సొంత స్థలమున ఇల్లు, మంత్రబ్రాహ్మణముల జ్ఞానము ఉండవలెను. లెక్కలు అప్పగింపనివాడును, అతని బంధువులును అనర్హులు. గత మూడేండ్లలో వారియమున ఉన్నవాడును పోటీకి రాకూడదు. అర్హుల పేర్లు తాటాకులపై వ్రాసి కుండలో వేయుదురు. మహాసభ నిండుగా కూడియుండగా, అర్చకులలో వృద్ధుడు కుండను అందరికి కనబడునట్లు ఎత్తి పట్టును. లోపల ఏమున్నదో ఎరుగని బాలుడు చేయి పెట్టి తీయును. ఆకును అందుకొను మధ్యస్థుడు ఐదు వ్రేళ్లును చాచి, అరచేతితో గ్రహింపవలెను. అతడు చదివిన పేరును అర్చకులందరును మరల చదువుదురు. చాచిన ఆ ఐదు వ్రేళ్లలో ఎంత లోకజ్ఞానమున్నదో చెప్పనక్కర లేదు.

మన ప్రాంతమున నేటికిని ఇట్టి పద్ధతి పరిచితమే. తిరుమలలో సుప్రభాతము, తోమాల, అర్చన, అష్టదళపాదపద్మారాధన మొదలగు సేవలకు స్థానములు స్వల్పము, కోరువారు లక్షలు. ఆ సేవల టిక్కెట్లలో కొన్నింటిని లక్కీ డిప్ ద్వారా కేటాయించుచున్నారు. పేరు రానివాడు మరల వేయుచున్నాడు గాని, స్వామి తనను తిరస్కరించెనని తలచుట లేదు.

ఇక శంకలు. చీటీ విద్యను అవమానించునని మొదటి శంక. చీటీ పడునది అధికారులుగా నిర్ణయింపబడినవారి నడుమనే కనుక విద్యకు గౌరవము ముందే జరిగినది. వృద్ధపండితులు, ఆహ్వానిత వక్తలు చీటీ కొరకు వేచియుండవలెనా యని రెండవ శంక. అక్కరలేదు. వారికి కొన్ని స్థానములు విడిచిపెట్టుటలో దోషము లేదు. సంఖ్యను ముందే ప్రకటింపవలెను. ప్రకటించినచో మర్యాద, దాచినచో పక్షపాతము. ఒకే కళాశాల నుండి గురుశిష్యులు కలసి రాదలచినపుడు ఒకరికి వచ్చి మరియొకరికి రాకున్నచో ఎట్లని మూడవ శంక. ఇద్దరి పేర్లును ఒకే చీటీపై వ్రాసికొనుటకు అనుమతింపవచ్చును. వచ్చినచో ఇద్దరికిని వచ్చును, రానిచో ఇద్దరికిని రాదు. కంప్యూటరు తీసిన చీటీని నమ్ముట ఎట్లని నాలుగవ శంక. ఇది బలమైన శంక. కంప్యూటరు లోపల ఏమి జరిగినదో సభ చూడలేదు. వంద రెండువందల పేర్లు గల సభకు కుండయు, బాలుడును నేటికిని చాలును. పేర్లు వేలయినచో, అర్హుల జాబితాను వరుస అంకెలతో ముందే ప్రకటించి, ఎవరి చేతిలోను లేని ఒక సంఖ్యను ఆధారముగా చేసికొని, తీయు విధానమును ముందుగానే వ్రాసి పెట్టవలెను. అప్పుడు ఎవరైనను స్వయముగా లెక్కవేసి సరిచూచుకొనగలరు.

ప్రాచ్యకళాశాలలు జరుపు సభలకు ఈ విచారమువలన ఏర్పడు క్రమమిది. అర్హతలను, స్థానముల సంఖ్యను, ప్రత్యేకముగా విడిచిన స్థానములను ప్రకటనలోనే తెలుపవలెను. దరఖాస్తుకు కనీసము పదిహేను రోజుల గడువు నీయవలెను. ఆ గడువులో మొదటి రోజునకును చివరి రోజునకును భేదముండరాదు. ఒకరికి ఒక చీటీయే. రుసుము స్థానము వచ్చిన తరువాతనే కట్టించుకొనవలెను. రానివారి సొమ్ము నిర్వాహకుల వద్ద నిలువ ఉండరాదు. చీటీని పదిమంది ఎదుట తీయవలెను. ఎంపికైనవారి తరువాత వేచియుండువారి వరుసను కూడ ఆ చీటీలతోనే అప్పుడే తేల్చవలెను. లేనిచో ఖాళీ అయిన కుర్చీలు సిఫారసు దారిన పోవును. టిక్కెట్టు ఇతరులకు మార్చుకొనరాదు. రాలేనివాడు తిరిగి ఇచ్చివేయవలెను. గతసభకు స్థానము పొందినవాడు ఈ సభలో ఆగవలెను, లేదా అందరి తరువాత రావలెను. వరుసగా రెండుసార్లు పేరు రానివానికి మూడవసారి రెండు చీటీలు వేయవలెను. ఎవరికి ఇచ్చినది, ఎవరికి ఇవ్వనిది పుస్తకమున వ్రాసి, తరువాతి నిర్వాహకులకు అప్పగింపవలెను.

ఇందులో ఖర్చుతో కూడిన పని ఏదియు లేదు. నిర్వాహకుడు వదులుకొనవలసినది ఒక్కటే – తన ఇష్టము వచ్చినవారికి కుర్చీ ఇచ్చు అధికారము. అది వదలుట కష్టమే. ఉత్తరమేరూరు మహాసభ వారు కూడ శాస్త్రజ్ఞులే, బంధువులు గలవారే. అయినను లోపలి సంగతి తెలియని బాలుని చేతికి కుండ అప్పగించిరి. తెలిసినవారు తమ తెలివిని ఎంతవరకు వాడవలెనో అంతవరకు వాడి, అక్కడ ఆగుట కూడ పాండిత్యమే. న్యాయవైశేషికములను, పూర్వమీమాంసను బోధించు కళాశాలలే వినిగమనావిరహమును గుర్తింపనిచో, దానిని గుర్తించు భారము ఇతరులపై వేయుట తగదు.